పాలపంటి పొరలు

వన్నూరమ్మ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, మడతలు పోయేలా అరచేత్తో సాపు చేసి, "ఈ గీత చెరిపేయండి మేడమ్" అంది.

వకుళకి వెంటనే అర్థం కాలేదు. అనంతపురంలోని ఆ పోషకాహార పరిశోధనాలయానికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. బడులనుంచి పిల్లల పాలపళ్లు తెచ్చే టీచర్లు, అంగన్‌వాడీ అమ్మలు, ఎప్పుడైనా ఒక విలేకరి. ఒక గీతను చెరిపేయమని అడుగుతూ ఇంతవరకు ఎవరూ రాలేదు.

కాగితం వైపు చూసింది. అది తన సంతకంతో వెళ్లినదే. పైన పిల్లవాడి పేరు తిప్పేస్వామి, రెండో తరగతి, ఎర్రగుంటపల్లి. కింద ఎడమనుంచి సాఫీగా నడిచిన ఒక గీత కొంత దూరం పోయాక గుట్ట ఎక్కినట్టు పైకి లేచింది. అక్కడే నిలువునా ఒక నల్ల చార. ఆ చార పుట్టుక. దానికి ఎడమవైపున్నదంతా తల్లి కడుపులో గడిచిన కాలం.

వన్నూరమ్మ నిలబడే చెప్పింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కాగితం బడినుంచి వచ్చిందట. ఆమె మొగుడు ఎర్రిస్వామి దాన్ని మాస్టరు చేత చదివించుకున్నాడు. కాన్పుకు ముందు మూడు నెలలు తల్లి ఒంటికి తిండి చాల్లేదనీ, అలాంటి పిల్లలకి చదువు ఆలస్యంగా ఎక్కవచ్చనీ మాస్టరు ఉన్నది ఉన్నట్టు చదివాడు. అప్పటిదాకా అక్షరాలు కలపలేకపోతే సోమరివాడని పిల్లవాడికి దెబ్బలు పడేవి. ఆ రోజునుంచి తప్పు తల్లిది అయింది. కడుపులో బిడ్డనే ఎండగట్టిన దానివి బయట ఏం సాకుతావని అత్తా మొగుడూ ఆమెను ఇంట్లోంచి పంపేశారు. పిల్లవాణ్ణి ఉంచుకున్నారు. అన్న ఇంటినుంచి పెద్దమనుషులు మాట్లాడ్డానికి వెళ్తే ఎర్రిస్వామి ఏమీ వాదించకుండా కాగితం తీసి వాళ్ల ముందు పెట్టాడు.

"మిషిన్ రాసింది గదా, ఇంక మేమేం మాట్లాడేది అని లేచి వచ్చేసినారు" అంది వన్నూరమ్మ.

ఆ రెండు వాక్యాలు రాసింది తనే. ఫలితాలు ప్రభుత్వానికి మాత్రమే ఇద్దామని డైరెక్టర్ అంటే, తన బిడ్డ సంగతి తెలుసుకునే హక్కు తల్లికి లేదా అని పోట్లాడి, కాగితం ఇంటింటికీ వెళ్లేలా చేసింది కూడా తనే. గర్భిణులకు ఏ నెలలో తిండి తగ్గుతోందో ప్రతి ఊరికీ కళ్లకు కట్టినట్టు తెలిస్తే, ఆ నెలలో వాళ్ల పళ్లెం నింపకుండా ఎవరూ ఉండలేరని ఆమె నమ్మకం. పళ్లెం సంగతి తర్వాత, మొదట తల్లినే బయటికి తోస్తారని ఆమె ఊహకు అందలేదు.

వకుళ వన్నూరమ్మను లోపలికి తీసుకెళ్లింది. గాజుగదిలో షాహిదా పని చేస్తోంది. ఆ యంత్రానికి ప్రాణం పోసిన ఇంజనీరు ఆమె. దానికి పొరదర్శిని అని పేరు పెట్టింది కూడా ఆమే. బియ్యపుగింజంత పన్ను ఒకటి సూది మొన మీద నిలబడి ఉంది. నీలపు వెలుగు దాన్ని తాకినప్పుడల్లా కంటికి కనపడనంత పలుచటి పొర లేచి, ఆవిరై, గొట్టంలోకి పోతోంది. పక్కన తెర మీద గీత చుక్కచుక్కగా ముందుకు నడుస్తోంది.

నాలుగో నెలనుంచే కడుపులో బిడ్డకు పాలపళ్లు తయారవుతాయనీ, చెట్టు మానులో వలయాల్లాగా రోజుకో పొర చేరుతుందనీ, ఆ రోజు తల్లి రక్తంలో ఉన్నది ఆ పొరలో మిగిలిపోతుందనీ షాహిదా చెప్పింది. తిండి చాలనప్పుడు తల్లి ఒళ్లు తన కండను తానే కరిగించి బిడ్డకు ఇస్తుంది. అప్పుడు గీత పైకి లేస్తుంది.

వన్నూరమ్మ ఆ వెలుగును చాలాసేపు చూసింది. తర్వాత, తన కొడుకు పన్ను కూడా ఇందులోనే పెట్టారా అని అడిగింది. అవునన్నారు.

"నేను తినలేదని చెప్పింది సరే. ఆ నెలల్లో నేను యాడ ఉన్న్యానో చెప్పలేదా?"

ఆమే చెప్పింది. ఆ ఏడు వేరుశనగ ఎండిపోతే మొగుడూ పెళ్లాలు బెంగుళూరుకు పోయారు. ఎనిమిదో నెల నిండేదాకా నాలుగో అంతస్తుకి ఇటుకలు మోసింది. వండిన సంగటి ముందు మొగుడికి, తర్వాత వెంట తెచ్చుకున్న మరిది పిల్లలకి. అడుగున మిగిలింది తనకి. అప్పుడు ఆమెను తిన్నావా అని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు మాత్రం ఊరంతా అడుగుతోంది.

ఆమె బయటికి వెళ్లి మంచినీళ్లు తాగుతుంటే, షాహిదా వకుళను పక్కకు పిలిచింది. తనకు కొన్నాళ్లుగా ఒక అనుమానం ఉందని చెప్పింది. ఈ జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లలు పుట్టాక తాగిన నీళ్లతో కూడా అది పంటిలో చేరి గీతను వంకర తిప్పుతోందేమో. తేల్చుకోవాలంటే ఇవే నీళ్లు తాగి పెరిగిన బిడ్డ పన్ను ఒకటి కావాలి, ఆ బిడ్డ తల్లి చివరి నెలల్లో కచ్చితంగా బాగా తిని ఉండాలి. ఆ పంటిలో కూడా గీత లేచిందంటే తప్పు యంత్రానిదే.

అలాంటి తల్లి ఎక్కడుందో వకుళ వెతుక్కోనక్కర్లేదు. ఆ తల్లి తానే.

ఆమె బయటికొచ్చి వన్నూరమ్మకు ఒక మాట ఇచ్చింది. సోమవారం మళ్లీ రమ్మంది. యంత్రం తప్పని తేలితే, తానే ఎర్రగుంటపల్లి వచ్చి అందరి ముందూ ఆ సంగతి చెబుతానంది. వన్నూరమ్మ ఆమె మొహంలోకి చూసి, కాగితం మళ్లీ మడిచి రవికలో పెట్టుకుని వెళ్లిపోయింది.

*

వకుళ ఇంట్లో ముగ్గురు. ఆమె, ఏడేళ్ల కూతురు చిన్మయి, తల్లి ఓబుళమ్మ. భర్త చంద్రమౌళికి బళ్లారి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. నెలకు రెండుసార్లు వస్తాడు. చిన్మయిని పెంచింది దాదాపు ఓబుళమ్మే. వకుళ పొద్దున ప్రయోగశాలకు పోతే దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చేది.

చిన్మయి ఊరికే ఉండే పిల్ల కాదు. గోడ మీద బల్లిని చూసి దాని నడక నడిచేది, ఎవరి గొంతయినా పట్టేసేది. కానీ రెండు పనులు కలిపి చెబితే రెండోది మరచిపోయేది. నేర్చుకున్న అంకెలు తెల్లారేసరికి జారిపోయేవి. అమ్మమ్మ అలసందలు ముందేసుకుని రోజూ ఒకటినుంచి మొదలుపెట్టేది. విసుగన్నది ఆమెకు తెలియదు. వకుళ మాత్రం ఒక్కోసారి గొంతు పెంచి, తర్వాత తనను తానే తిట్టుకునేది. ఇంతమంది పిల్లల గీతలు చదివిన తనకు ఇంట్లో పిల్ల ఎందుకు ఇలా ఉందో తెలియదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొందరు పిల్లలు ఇంతేనని సర్దుకుంది.

ఎందుకంటే ఆమె నిజంగానే అన్ని జాగ్రత్తలూ తీసుకుంది. కడుపుతో ఉన్నన్నాళ్లూ వాంతులే. అన్నం ముద్ద నిలిచేది కాదు. ఏడో నెలలో పుట్టింటికి, తాడిపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ తేలికగా ఉందనీ, అన్నం పడకపోతే పడకపోయింది, ఈ బలం పొడి పాలల్లో కలిపి మూడు పూటలా తప్పకుండా తాగాలనీ డబ్బాలకు డబ్బాలు రాసిచ్చింది. ఓబుళమ్మ ఒక్క పూట కూడా తప్పించలేదు. పెద్ద గ్లాసు నిండా కలిపి తెచ్చి, కూతురు చివరి గుక్క మింగేదాకా పక్కనే కూర్చునేది. చిన్మయి రెండు కిలోలకు కాస్త పైన పుట్టింది. కాన్పు మాత్రం చాలా సులువుగా అయింది. నర్సుకు కూడా ఆశ్చర్యమేసేంత సులువుగా అయిందని చుట్టాలందరూ చెప్పుకున్నారు. ఆ రోజు ఓబుళమ్మ ఆసుపత్రి నేల మీద కూలబడి ఏడ్చిన ఏడుపు వకుళకు ఇంకా గుర్తుంది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుంది.

చిన్మయి కింది పన్ను ఊడి నెల దాటింది. ఓబుళమ్మ దాన్ని కుంకుమభరిణెలో దాచింది. వకుళ ఆ సాయంత్రం దాన్ని అడిగింది. ఇందులో ఏం కనపడతాదని తల్లి అడిగితే, పాప కడుపులో ఉన్నప్పుడు నేనేం తిన్నానో కనపడుతుందని చెప్పింది. ఓబుళమ్మ భరిణె మూత తీయడానికి కొంచెంసేపు పట్టింది. మూత బిగుసుకుందని వకుళ అనుకుంది.

*

శనివారం మధ్యాహ్నం పొరదర్శినిలో ఆ పన్నును పెట్టారు. ఐదో నెల, ఆరో నెల. గీత కొద్దిగా ఊగుతూ నడిచింది. ఆ ఊగడం వాంతులదని వకుళ చెప్పింది. ఏడో నెలలో గీత లేవడం మొదలైంది. లేచి, ఇంకా లేచి, నల్లచార దగ్గరికి వచ్చేసరికి తిప్పేస్వామి గీత కన్నా పైన నిలిచింది.

షాహిదా యంత్రాన్ని ఆపి, మిగిలిన సగం పన్నును పెట్టి మళ్లీ నడిపింది. అదే గీత.

ఆ యంత్రం మీద షాహిదా తన వయసు ధారపోసింది. పెళ్లి సంబంధాలు వస్తే యంత్రం పూర్తి కానీ అని వాయిదా వేసింది. ఇప్పుడది తప్పుడు యంత్రం. ఆమె తెర వైపు చూస్తూ, పోనీలే మేడమ్, ఆ అమ్మకి కొడుకన్నా దక్కుతాడు అని, ముఖం తుడుచుకోవడానికి బయటికి వెళ్లింది. వకుళకూ పదేళ్ల శ్రమ పోయింది. అయినా ఆమెకు ఏడుపు రాలేదు. గుండె మీదనుంచి బండ దింపినట్టుంది. ఏ తల్లినీ ఇక ఎవరూ ఆ కాగితం చూపించి తరమలేరు.

మరునాడు ఆదివారం. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. చిన్మయి ముందే తినేసి, పక్కన అలసందలు వరసగా పేర్చుకుంటోంది. వకుళ అన్నం కలుపుతూ సంగతంతా చెప్పింది. వన్నూరమ్మ రావడం, కాగితం, ఫ్లోరైడు, అన్నీ. రేపు డైరెక్టరుకు రాసి ఇస్తానంది. ఈ యంత్రం చెప్పిందంతా అబద్ధమని, ఇన్నేళ్లూ పొరపాటు పడ్డామని రాస్తానంది. చివరికి నవ్వు కూడా వచ్చింది ఆమెకి.

"దాని తెలివి చూడమ్మా. చివరి మూడు నెలలు నేను పస్తున్నానంట. అదీ నీ చేతి కింద."

ఓబుళమ్మ చేతిలో గరిటె చారుగిన్నెలోకి జారిపోయింది. ఆమె దాన్ని తీయలేదు. అలాగే కూర్చుని, కూతురి వైపు కాకుండా గిన్నె వైపు చూస్తూ అంది.

"మిషిన్ తప్పు చెప్పలేదు."

వకుళ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"నువ్వు తాగింది ఆ పొడి కాదు. బియ్యప్పిండి వేయించి, బెల్లం వేసి కలిపిచ్చినా. పాలు గూడా సగానికి సగం నీళ్లే. డాక్టరమ్మ ఇచ్చిన పొడంతా దూడకి పోసినా."

ఎందుకని వకుళ అడిగిందో లేదో ఆమెకే తెలియదు. ఓబుళమ్మ మాత్రం చెబుతూ పోయింది. గొంతు ఎక్కడా హెచ్చలేదు. నాగరత్న సంగతి చెప్పింది. నాగరత్న వకుళకు అక్క. కాన్పు కష్టమై పోయిందని మాత్రమే వకుళకు తెలుసు. అప్పుడామె హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, వచ్చేసరికి అంతా అయిపోయింది. నాగరత్నను అత్తవారు బాగా చూసుకున్నారు. పాలు, గుడ్లు, పట్నంనుంచి తెప్పించిన బలం పొళ్లు. బిడ్డ లావైంది. నొప్పులొచ్చాక అడ్డం తిరిగి రాలేదు. జీపులో కర్నూలుకు తీసుకుపోతుంటే దారిలోనే తల్లీ బిడ్డా పోయారు. నాగరత్న తల తల్లి ఒళ్లోనే ఉంది. ఆ పొళ్లు తాగి బిడ్డను పెంచుకుంది, అందుకే పోయిందని చూడ్డానికొచ్చిన ప్రతి ఆడమనిషీ అంది.

"నువ్వు అవే డబ్బాలు పట్టుకుని వస్తివి. వాటిని చూస్తేనే నాకు జీపు కనపడతాండె. బిడ్డ చిన్నగా ఉంటే నువ్వు బతుకుతావనుకున్న్యా. నువ్వు బతికితివి. ఆ పొద్దు నాకు ఇంకేం అక్కరలేకపాయ."

"ఇప్పుడెందుకు చెప్పావు?"

"పదేండ్లు చేసిన పని అబద్ధమని నీ చేత్తో నువ్వే రాసిస్తానంటివి. చూస్తా ఎట్ల కూర్చునేది."

వకుళ చేతిలో అన్నం మెతుకులు ఎండి బిగుసుకున్నాయి. ఎదురుగా ఉన్న మనిషి తన తల్లేనని కళ్లు చెబుతున్నా, లోపల ఏదో ఒప్పుకోవడం లేదు. గ్లాసు అడుగున మిగిలే ఆ తియ్యటి మడ్డి రుచి ఇన్నేళ్ల తర్వాత నాలుక మీదికొచ్చింది. దాన్నే ఆమె నోములాగా తాగింది. అప్పుడు పక్కనుంచి చిన్మయి, వేలు ఒక గింజ మీద ఆనించి, "ఏడు తర్వాత ఎంత అవ్వా?" అని అడిగింది.

ఓబుళమ్మ జవాబు చెప్పబోయింది. వకుళ అడ్డం వచ్చింది.

"రేపటినుంచి పాపకి నువ్వు అన్నం పెట్టద్దు."

చిన్నగానే అంది. ఓబుళమ్మ కూతురి ముఖంలోకి ఒకసారి చూసి, సరేమ్మా అని, గిన్నెలోనుంచి గరిటె తీసి పక్కన పెట్టింది.

*

సోమవారం పొద్దున వకుళ ప్రయోగశాలకు వెళ్లి, యంత్రం సరిగ్గానే ఉందని షాహిదాతో చెప్పింది. షాహిదా ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. తర్వాత ఆ మాటకు అర్థమేమిటో తట్టి, కుర్చీ లాక్కుని వకుళ పక్కన ఊరికే కూర్చుంది. పదేళ్ల శ్రమ నిలిచిందని చెప్పుకుని ఆనందించే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. వకుళ పని చేయలేక మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది.

వచ్చేసరికి ఓబుళమ్మ వీధి వసారాలో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన బట్టల సంచి. వకుళ చూసి, లోపలికి పోయింది. బడి సెలవు కావడంతో చిన్మయి వంటింట్లో గోడకానుకుని ఉంది. పొద్దున వకుళ కలిపి పెట్టిపోయిన అన్నం పళ్లెంలో అలాగే ఉంది. వకుళ ముద్ద చేసి పెట్టబోతే పిల్ల పెదాలు బిగించింది. బతిమాలింది, గదిమింది, కథ చెబుతానంది. అవ్వ పెడితేనే అని తప్ప పిల్ల ఇంకో మాట అనలేదు.

అప్పుడు గేటు చప్పుడైంది. వన్నూరమ్మ గొంతు వినిపించింది. ప్రయోగశాలకు పోతే మేడమ్ ఇంటికి వెళ్లిందని చెప్పి ఎవరో దారి చూపించినట్టున్నారు. ఆమె మెట్టు దగ్గర ఆగింది. ముసలామెను చూసింది, సంచిని చూసింది.

"నిన్ను గూడా బయట కూర్చోబెట్టినారా అవ్వా?"

వంటింట్లో వకుళ చేతిలో ముద్ద అలాగే నిలిచిపోయింది.

ఎర్రిస్వామి అనే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు. ఎలాంటి మనిషో, ఒక గీత చూసి పెళ్లాన్ని ఇంట్లోంచి ఎలా పంపగలిగాడోనని వారంరోజులుగా అనుకుంటూనే ఉంది. ఇప్పుడు అతని ముఖం చూడ్డానికి ఆమె ఎక్కడికీ పోనక్కర్లేదు. పళ్లెం కింద పెట్టింది. వసారాలోకి వచ్చింది.

ఓబుళమ్మ అప్పటికే వన్నూరమ్మకు చెబుతోంది. ఎవరూ తరమలేదనీ, తానే తాడిపత్రికి పోతున్నాననీ, పిల్ల ముఖం చూడలేక పోతున్నాననీ. వకుళ సంచి తీసుకుని లోపల పెట్టింది. తల్లికి క్షమాపణ చెప్పాలనీ అనిపించలేదు, చెప్పించుకోవాలనీ అనిపించలేదు. బయటికొచ్చి వన్నూరమ్మకు నిజం చెప్పింది. యంత్రం తప్పు చెప్పలేదు. తన కూతురి పంటిలోనూ అదే గీత ఉంది. అదెలా వచ్చిందో కూడా చెప్పింది.

వన్నూరమ్మ చాలాసేపు ఓబుళమ్మనే చూసింది. చివరికి, "అయితే నా కొడుకు నాకు రాడు" అంది.

రేపు తనతో ఎర్రగుంటపల్లికి రమ్మని వకుళ అంది. లోపలినుంచి చిన్మయి, అవ్వా ఆకలి అని పిలిచింది. ఓబుళమ్మ లేవలేదు. కూతురి వైపు చూసింది. వకుళ తల ఊపాక లేచింది.

*

ఎర్రగుంటపల్లిలో ఎర్రిస్వామి ఇంటి ముందు అతని తల్లి లింగమ్మ విత్తనానికి వేరుశనక్కాయలు వలుస్తోంది. జీపు చూసి చుట్టుపక్కలవాళ్లు చేరారు. వకుళ, ఆమె వెంట ఓబుళమ్మ జీపు దిగారు. వన్నూరమ్మ మాత్రం వాకిట్లోకి రాకుండా దారిలోనే నిలబడింది. ఎర్రిస్వామి బక్కపలుచటి మనిషి. మర్యాదగానే మంచం వేశాడు.

వకుళ రెండు కాగితాలు తీసి మంచం మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి మీ కొడుకుది, ఇంకొకటి నా కూతురిది, ఏది ఎవరిదో చెప్పమంది. ఎర్రిస్వామి రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, నాకు చదవను రాదు మేడమ్ అన్నాడు. వెనకనుంచి తొంగిచూసిన కుర్రవాడొకడు, రెండూ ఒకటే మాదిరి ఉన్నాయన్నాడు.

అప్పుడు ఓబుళమ్మ చెప్పింది. ఆదివారం ఇంట్లో చెప్పినదంతా ఈసారి పరాయి వాకిట్లో, ముక్కూ ముఖం తెలియనివాళ్ల ముందు చెప్పింది. ఇంట్లో గాదె నిండా గింజలుండగా, పాడి ఉండగా, కడుపుతో ఉన్న కూతురికి బియ్యప్పిండి నీళ్లు పోశానంది. వింటున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో అయ్యో అన్నారు. వకుళ తల వంచుకుని విన్నది. రెండోసారి విన్నా అంతే కోసింది.

ఎర్రిస్వామి మాత్రం, మీ ఇంటి సంగతి మీది, మా ఇంటి సంగతి మాది కదా మేడమ్ అన్నాడు. వకుళ, వెయ్యిమంది పిల్లలను కలిపి చూస్తే ఈ గీత నిజమనీ, ఒక్క పిల్లవాడి నుదుటి మీద రాస్తే అబద్ధమవుతుందనీ చెప్పబోయింది. తన మాటలు తనకే ఉపన్యాసంలా వినిపించి ఆగిపోయింది.

లింగమ్మ వలవడం ఎప్పుడో ఆపేసింది. చేతిలో కాయ అలాగే ఉంది.

"పెద్దోళ్ల పన్ను పెడితే చెప్తాదా మేడమ్ మీ మిషిన్?"

పాలపన్నే కావాలని, పెద్దయ్యాక వచ్చిన పంటిలో కడుపు సంగతి ఉండదని వకుళ చెప్పింది.

"అయితే నేను బతికిపోయినా" అంది లింగమ్మ. కొడుకు వైపు చూడకుండా చేతిలో కాయతో మాట్లాడుతున్నట్టు అంది. "వీడు కడుపులో ఉన్నప్పుడు కరువు. గంజి పోస్తాంటే ముంత పట్టుకుని నిలబడి, నాకిచ్చింది నా పెద్దబిడ్డకి తాపి, నేను నీళ్లు తాగి వస్తాంటి. వీడికీ అచ్చరాలు రాలేదు. నాలుగేండ్లు బడికి పంపినా రాలేదు. వీడి పాలపన్ను దొరికింటే, ఈ పొద్దు వీడు నన్ను గూడా దావలో నిలబెట్టేవాడు."

ఎర్రిస్వామి ముఖంలో రంగు పోయింది. అతను తల్లి వైపు చూసిన చూపు, ఆదివారం నాడు తాను ఓబుళమ్మ వైపు చూసిన చూపేనని వకుళకు తెలిసింది. అతను కాగితాలు రెండూ తీసి వకుళ చేతిలో పెట్టాడు. లోపలికి పోయి తిప్పేస్వామిని చెయ్యి పట్టుకుని తెచ్చి, వాకిలి దాటించి, దారిలో నిలబడ్డ తల్లి దగ్గర వదిలాడు. ఆమెను ఇంట్లోకి రమ్మని అనలేదు. వన్నూరమ్మ కూడా అడగలేదు. కొడుకును తీసుకుని అన్న ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత ఎర్రిస్వామి రెండుసార్లు పోయి పిలిచాడనీ, మూడోసారికి గానీ ఆమె కదల్లేదనీ వకుళకు చాన్నాళ్లకు తెలిసింది.

ఆ వారమే వకుళ ఒక పని చేసింది. ఏ పన్ను ఏ పిల్లవాడిదో చెప్పే పేర్ల పట్టిక ఆమె అధీనంలో ఉండేది. ఏ మండలం, ఏ సంవత్సరం, ఏ నెలలో తిండి కరువైంది అన్నవి మాత్రం ఉంచి, పేర్లన్నీ ఎవరూ తిరిగి తీయలేని విధంగా తుడిచేసింది. తన కూతురి పేరు కూడా. ఇంకొన్నాళ్లలో బడుల్లో చేర్చుకునేటప్పుడు ఈ కాగితం అడుగుతారనీ, అందుకు బడుల యజమానులు ఒకరిద్దరు ఇప్పటికే సంప్రదించారనీ డైరెక్టర్ చెప్పినప్పుడు, ఆమెకు తాను చేసింది ఆలస్యమైందేమోనని భయం వేసింది. ఆమెను పథకం బాధ్యతలనుంచి తప్పించారు. షాహిదా పొరదర్శినిని నడుపుతూనే ఉంది. పేర్లు లేని ఆ గీతలు చూసి ఎనిమిదో నెలలో గర్భిణులకు ఇచ్చే తిండి పెంచారు. పెంచినది ఎవరి పళ్లెంలోకి పోతుందో చెప్పే యంత్రం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

చిన్మయికి అంకెలు నెమ్మదిగా వస్తున్నాయి. ఇరవై దాటింది. పుట్టుక చారకు అటువైపు కూడా పొరలు పెరుగుతూనే ఉంటాయనీ, అక్కడ రాయాల్సింది చాలా ఉందనీ వకుళ తనకు తాను చెప్పుకుంటుంది. ఆ మాట నిజం కూడా.

ఓబుళమ్మ తాడిపత్రికి వెళ్లలేదు. పాపకు అన్నం ఆమే పెడుతుంది. కానీ కలిపే ముందు పళ్లెం పట్టుకుని కూతురి దగ్గరికి వస్తుంది. పప్పు ఎంత, గుడ్డు ఎంత, నెయ్యి ఎంత, కనపడేలా వంచి చూపిస్తుంది. పాల గ్లాసైతే ఒక చుక్క వకుళ అరచేతిలో పోసి, రుచి చూసేదాకా నిలబడుతుంది. చూపించమని వకుళ ఎప్పుడూ అడగలేదు. ఇంక చూపించద్దమ్మా అని చెప్పాలని రోజూ అనుకుంటుంది. పళ్లెం ముందుకు రాగానే కళ్లు వాటంతటవే దాంట్లోకి పోతాయి. చూసి, తల ఊపుతుంది. ఓబుళమ్మ వెళ్లి పాప ముందు కూర్చుంటుంది.

ఆ ఒక్క మాట వకుళ నోట ఇంతవరకు రాలేదు.